వైద్యశాస్త్రంలో రూపకాలు: 'అంటు' అనే మాట చుట్టూ కొన్ని ఆలోచనలు

మా చిన్నాన్న మామిడి తోటల్లో కూలీ. విస్సన్నపేట చుట్టుపక్కల తోటల్లో పూత రోజుల్లో మందు కొట్టడం, కాయ రోజుల్లో చిక్కంతో కాయ దించడం, మిగతా రోజుల్లో పాదులు తవ్వడం, అంట్లు కట్టడం ఆయన పని. మేం హైస్కూల్లో చదువుకునే రోజుల్లో ఆయనకి టీబీ వచ్చింది. సర్కారు మందులు మొదలుపెట్టాడు. రెండు నెలలు తిరిగేసరికి దగ్గు తగ్గింది, నోటికి ముద్ద పోతోంది, ఒళ్ళు కాస్త తేరుకుంది. సరిగ్గా అప్పుడే కాయ కోతలొచ్చాయి. మందులేసుకోడానికి వెళితే ఆ పొద్దు కూలి పోతుంది. నున్న మార్కెట్టుకెళ్ళే లారీ కూలివాడి మాత్ర కోసం ఆగదు. మానేశాడు. కొన్నాళ్ళకి మళ్ళీ రక్తం పడింది. ఆస్పత్రికి తీసుకుపోతే అక్కడ రిజిస్టరు తిరగేసిన మనిషి పక్కనున్నాయనతో 'ఇతను డిఫాల్టరు' అన్నాడు.

చిన్నాన్నకి ఇంగ్లీషు రాదు. కాని ఆ మాట తెలుసు. సొసైటీలో అప్పు తీసుకుని కట్టనివాణ్ణి డిఫాల్టరంటారు. ఇంటికొచ్చి మా నాయనమ్మతో 'నేనెవరికి బాకీ ఉన్నానే అమ్మా' అన్నాడు. ఆ తర్వాత చాలా రోజులు ఆస్పత్రి గడప తొక్కలేదు.

మా ఇళ్ళలో మొదటిసారి యూనివర్సిటీ మెట్లెక్కినవాళ్ళం మేం. ఎక్కాక ఆ మాటను చాలాసార్లు తలుచుకున్నాం. అది జబ్బు పేరు కాదు, మందు పేరు కాదు. అప్పుల లెక్కల్లో నుంచి తీసి జబ్బుమనిషి మీద పెట్టిన మాట. ఒక రంగంలోని మాటను తెచ్చి ఇంకో రంగంలో పెట్టి, దీన్ని అదిగా చూడండి అని చెప్పడాన్నే రూపకం అంటారు. పదో తరగతిలో రూపకాలంకారం అని చదివి, ఉదాహరణ రాసి, మార్కులు తెచ్చుకుని వదిలేస్తాం. అది కవుల వ్యవహారమనుకుంటాం. కాని ఒక మనిషి మందులు మింగాలా మానాలా అన్నది కూడా ఒక రూపకం మీద ఆధారపడి ఉంటుందని మాకు మా ఇంట్లోనే తెలిసింది.

మా ఊరి పేరు చెప్పగానే కొందరు 'విస్సన్న చెప్పిందే వేదం' అనే సామెత చెప్పి నవ్వుతారు. వైద్యం దగ్గరికొచ్చేసరికి విస్సన్న డాక్టరే. ఆయన వాడిన మాట వేదమైపోతుంది. ఆ మాట ఎక్కడ నుంచి వచ్చింది, ఏం చూపిస్తోంది, ఏం దాస్తోంది అని అడిగేవాళ్ళుండరు. ఈ వ్యాసంలో ఆ పని కొంత చేయదలిచాం.

తాళం, తాళంచెవి, మందు

ముందు ఒక అపోహ పోవాలి. సైన్సు ముందుగా నిజం కనుక్కుంటుందని, ఆ తర్వాత జనానికి అర్థమయ్యేట్టు చెప్పడానికి పోలికలు వెతుక్కుంటుందని అనుకుంటాం. చాలాసార్లు వరస తిరగబడుతుంది. పోలిక ముందొస్తుంది, దాని వెంట పరిశోధన నడుస్తుంది.

1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కను సూక్ష్మదర్శినిలో చూశాడు. చిన్న చిన్న గదులు కనబడ్డాయి. ఆ గదులకు పెట్టిన 'సెల్' అనే పేరే ఇవాళ్టికీ నిలిచింది. మనం దాన్ని తెలుగులో 'కణం' చేసుకున్నాం. గది పోయి రేణువు వచ్చింది. అంటే ఇంగ్లీషు పిల్లవాడు నాలుగు గోడలున్న ఒక ఇంటిని ఊహించుకుంటుంటే, తెలుగు పిల్లవాడు ఇసుక రవ్వను ఊహించుకుంటున్నాడు. ఇద్దరూ ఒకే పాఠం చదువుతున్నామనుకుంటున్నారు.

1894లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఎమిల్ ఫిషర్ ఎంజైములు ఎట్లా పనిచేస్తాయో చెప్పడానికి తాళం, తాళంచెవి పోలిక తెచ్చాడు. ఒక తాళానికి ఒకే చెవి పట్టినట్టు, ఒక ఎంజైముకి దానికి తగిన పదార్థమే పడుతుందన్నాడు. ఈ పోలిక పరిశోధకుల చేతికి ఒక ప్రశ్నను అందించింది: తాళంలో దూరి, తిరగని దొంగ తాళంచెవిని మనం తయారుచేస్తే? 1895లో భీమవరంలో పుట్టి అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధనశాలను నడిపిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం తయారుచేసిన అమినాప్టెరిన్, మెథోట్రెక్సేట్ ఆ కోవలోని మందులే. ఫోలిక్ ఆమ్లం ఆకారంలో ఉంటాయి, దాని స్థానంలో దూరుతాయి, దాని పని చేయవు. కణం విడిపోవడం ఆగిపోతుంది. 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అమినాప్టెరిన్‌ని రక్త క్యాన్సర్ పిల్లలకిచ్చి కొందరిలో జబ్బు తాత్కాలికంగా తగ్గినట్టు ప్రకటించాడు. క్యాన్సర్‌కి రసాయన చికిత్స చరిత్రలో ఇదొక పెద్ద మలుపు.

ఇదే తాళం కథ మా మామిడి తోటల్లో ఇంకో రకంగా జరుగుతుంది. పూత మీద తేనెమంచు పురుగు పడితే మందు కొడతారు. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందుల సంగతి చూద్దాం. నరం నుంచి కండకి కబురు ఒక రసాయనం మోసుకుపోతుంది. పనయ్యాక ఆ రసాయనాన్ని తుడిచేసే ఎంజైము ఉంటుంది. పురుగుమందు ఆ ఎంజైము తాళంలో ఇరుక్కుపోతుంది. కబురు ఆగకుండా మోగుతూనే ఉంటుంది. చెమటలు, నోట్లో చొంగ, కంటిపాప సన్నబడటం, ఊపిరాడకపోవడం. పురుగులోనూ అదే ఎంజైము, మందు కొట్టే మనిషిలోనూ అదే ఎంజైము.

దానికి మనం పెట్టుకున్న పేరేంటి? మందు. జబ్బు తగ్గించేదీ మందే, పురుగుని చంపేదీ మందే. చెట్టుకి రోగం వచ్చింది, మందు కొట్టాం అంటాం. చెట్టు వైపు నుంచి చూస్తే ఆ రూపకం బాగానే ఉంది. డ్రమ్ములో చేయిపెట్టి కలిపేవాడి వైపు నుంచి చూస్తే అది విషం. 'మందు' అన్న మాట విషాన్ని కప్పేస్తుంది. తోట యజమానికి ఆ మాటతో వచ్చే నష్టమేమీ లేదు. రూపకాన్ని ఎవరు ఏ వైపు నిలబడి తయారుచేశారని అడగాలంటున్నది ఇందుకే.

ఇంకో సంగతి కూడా ఉంది. తాళం బిగుసుకుని ఉంటుంది, ఎంజైము అట్లా ఉండదు. పదార్థం దగ్గరికొచ్చేటప్పుడు తన ఆకారాన్ని కొంచెం మార్చుకుంటుందని 1958లో డేనియల్ కోష్లాండ్ ప్రతిపాదించాడు. చేతికి తొడుగు అమరినట్టు అన్నమాట. పాత పోలిక తప్పని కాదు, చాలలేదని. మంచి సైన్సు తన రూపకాలను తానే అనుమానిస్తుంది, అవసరమైతే మారుస్తుంది. వేదం చేసుకుని కూర్చోదు.

శరీరం ఎవరి దేశం?

శరీరాన్ని సమాజంతో, సమాజాన్ని శరీరంతో పోల్చడం పాత అలవాటు. మన దగ్గర దానికి పెద్ద ఉదాహరణ ఋగ్వేదం పదో మండలంలోని పురుషసూక్తం. ముఖం బ్రాహ్మణుడు, చేతులు క్షత్రియుడు, తొడలు వైశ్యుడు, పాదాల నుంచి శూద్రుడు. మనకైతే ఆ ఒంట్లో పాదం కూడా దక్కలేదు, ఒంటి బయట ఉన్నాం. డాక్టర్ అంబేద్కర్ 1946లో ప్రచురించిన 'శూద్రులెవరు?' గ్రంథంలో ఈ సూక్తాన్ని విడదీసి పరీక్షించారు. ఒక సమాజపు ఏర్పాటుని దైవ నిర్ణయంగా నిలబెట్టడంలో ఆ సూక్తం చేసిన పని ఏమిటో ఆయన చూపారు. శరీరం అనే రూపకం బలం అక్కడే ఉంది. పాదం నేను తలనవుతానంటే నవ్వొస్తుంది కదా. ఒక అన్యాయాన్ని శరీర ధర్మంగా మార్చేస్తే ప్రశ్నించినవాడు పిచ్చివాడిలా కనబడతాడు.

ఇదే పోలికను ఇంకొకాయన ఇంకోలా వాడాడు. రుడాల్ఫ్ విర్షో జర్మన్ వైద్యుడు. జబ్బు మొత్తం ఒంట్లో కాదు, కణాల్లో మొదలవుతుందని 1858లో వచ్చిన తన గ్రంథంలో నిలబెట్టినవాడు. ఆయన దృష్టిలో శరీరం ఒక సమాజం, కణాలు అందులో పౌరులు. ఒకళ్ళ మీద ఒకళ్ళు ఆధారపడినా ఎవరి బతుకు వాళ్ళకున్న పౌరులు. ఆయన ఈ పోలికను ఊరికే తేలేదు. 1848లో ఎగువ సైలీషియాలో టైఫస్ వస్తే ప్రభుత్వం ఆయన్ని పరిశీలనకి పంపింది. వెళ్ళి, అక్కడి జనానికి కావలసింది మందులు మాత్రమే కాదు, స్వపరిపాలన, చదువు, వాళ్ళ భాషలో బడి, తిండి అని నివేదిక రాశాడు. ఆ ఏడాదే బెర్లిన్ విప్లవంలో పాల్గొన్నాడు.

రెండూ శరీర రూపకాలే. ఒకటి మెట్లు కట్టింది, ఒకటి మెట్లు తీసేసింది. మన బళ్ళలో 'మెదడు రాజు, కాళ్ళు చేతులు సేవకులు' అని పాఠం చెప్పే ఉపాధ్యాయులు తాము ఏ రూపకాన్ని పిల్లల తలకెక్కిస్తున్నారో ఒక్కసారి ఆలోచించుకోవాలి.

అంటు

ఇప్పుడు మా మామిడి తోటల మాటకి వద్దాం. బంగినపల్లి టెంక పాతితే వచ్చే చెట్టు తల్లిలాంటి కాయే కాస్తుందని నమ్మకం లేదు. అందుకే నాటు టెంక మొక్క మీద మంచి చెట్టు కొమ్మను అంటు కడతారు. రెండింటికీ కోత పెట్టి, పచ్చి పొరలు ఒకదానికొకటి తగిలేలా ఆనించి, కట్టు కట్టి వదిలేస్తారు. తగలకపోతే అతకదు. అంటుకోకపోతే తోటే లేదు. తర్వాత కాయకి పేరు పైకొమ్మ పేరే. కింద నీళ్ళు తోడే నాటు మొక్క పేరు ఎవరూ అడగరు. ఆ సంగతి మనవాళ్ళకి వివరించి చెప్పనక్కర్లేదు.

తెలుగులో ఈ 'అంటు' ఎన్ని పనులు చేస్తోందో చూడండి. అంటు మామిడి, అంటు మొక్క. తిని వదిలేసిన గిన్నెలు అంట్లు. చావింట్లో అంటు. బహిష్టుకి అంటు ముట్టు. నిప్పంటుకుంది. అంటువ్యాధి. అంటరానివాడు. మొక్కను బతికించే తాకిడికీ, మనిషిని వెలివేసే తాకిడికీ, రోగం వ్యాపించడానికీ భాష ఒకే మాటనిచ్చింది. డిక్షనరీ రాసేవాళ్ళకి ఇది నానార్థం. మా వాడకి ఇది బతుకు.

'అంటువ్యాధి' అన్న మాట సైన్సుపరంగా కూడా దారి తప్పిస్తుంది. రోగం తాకితే వస్తుందని ఆ మాట చెబుతోంది. కాని మలేరియా దోమ కాటుతో వస్తుంది. కలరా, టైఫాయిడ్ కలుషితమైన నీళ్ళతో, తిండితో వస్తాయి. టీబీ గాలితో వస్తుంది. రోగి దగ్గినప్పుడు గాలిలో తేలే సూక్ష్మమైన తుంపరలను పక్కవాళ్ళు పీలిస్తే వస్తుంది. కంచం, గ్లాసు, దుప్పటితో టీబీ రాదు. అయినా ఇంట్లో టీబీ మనిషి ఉంటే మనం ముందు చేసేదేంటి? గ్లాసు వేరు చేస్తాం. కంచం వేరు చేస్తాం. చలిగాలి తగలకూడదని కిటికీ మూసేస్తాం. చేయాల్సింది సరిగ్గా దీనికి తలకిందులు. గ్లాసు ఏదైనా ఫరవాలేదు, కిటికీ తెరవాలి, గాలి ఆడాలి, మందులు మొదలవ్వాలి.

గ్లాసు వేరు చేయడం మనకి ఎవరు నేర్పారు? టీ కొట్లో రెండు గ్లాసుల పద్ధతి నేర్పింది. చూరులో విడిగా పెట్టిన గ్లాసు నేర్పింది. మనల్ని దూరం పెట్టడానికి వాడిన ఆచారాన్నే మనం మన జబ్బుమనిషి మీద వాడుతున్నాం, అది ఆరోగ్య సూత్రమనుకుంటున్నాం. క్రిమి గురించి తెలియకముందే మన భాషలో 'అంటు' ఉంది. క్రిమి గురించి తెలిశాక ఆ కొత్త జ్ఞానం పోయి ఆ పాత గూట్లోనే కూర్చుంది.

టీకా చరిత్రలో కూడా ఈ పేచీ ఉంది. 'ఇనాక్యులేషన్' అనే మాట తోటల్లోంచి వచ్చిందని చాలామందికి తెలియదు. లాటిన్‌లో 'ఆక్యులస్' అంటే కన్ను, మొగ్గ కూడా. మనం చెరకు కన్ను అన్నట్టే. ఒక చెట్టు కన్నును ఇంకో చెట్టులో పెట్టడం ఇనాక్యులేషన్. అంటే అంటు కట్టడం. 18వ శతాబ్దంలో మశూచి పొక్కు రసిని ఆరోగ్యవంతుడి చర్మంలో పెట్టి జబ్బు రాకుండా చేసే పద్ధతికి ఆ తోటపని పేరు పెట్టారు. 1798లో జెన్నర్ గోమశూచి టీకా గురించి ప్రకటించాడు. 1802 జూన్‌లో బొంబాయిలో మూడేళ్ళ పాపకి ఆ టీకా పడింది. దేశంలో అదే మొదటిది. అక్కణ్ణుంచి చేతి నుంచి చేతికి, అంటే ఒక బిడ్డ చేతి పొక్కులోని రసిని ఇంకో బిడ్డ చేతికి పెడుతూ, టీకా ఊళ్ళు తిరిగింది. పై కులాలవాళ్ళు కింది కులాల పిల్లల చేతి రసి మా ఒంట్లోకి ఎక్కించుకోమని అభ్యంతరం చెప్పడం వలస కాలపు రికార్డుల్లో కనబడుతుంది. ఒక మొక్కను ఇంకో మొక్కకి అంటు కడితే తోట పండుతుందని తెలిసిన దేశంలో, ఒక బిడ్డ నుంచి ఇంకో బిడ్డకి అంటు కడితే ప్రాణం నిలుస్తుందన్నది మింగుడు పడలేదు. తర్వాత దూడల నుంచి రసి తీసే పద్ధతి రావడంతో ఈ తగాదా సద్దుమణిగింది. మనిషి కంటే దూడ అంటు తక్కువ.

మశూచికి మన పల్లెల్లో ఇంకో రూపకం ఉండేది. అమ్మవారు పోసింది అనేవాళ్ళు. పోలేరమ్మ వచ్చిందనేవాళ్ళు. దాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయడం తేలిక. టీకాలకి అది అడ్డుపడిన మాట నిజమే. ఆ నిజాన్ని దాచం. కాని అందులో రోగి పాపి కాదు, శత్రువు కాదు. అమ్మ కూర్చున్న చోటు. వేపాకులేసి చల్లబరచాల్సిన ఒళ్ళు. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మశూచి పోయిందని ప్రకటించింది. పోగొట్టింది టీకా, వేపాకు కాదు. అయినా రోగిని గౌరవంగా చూడటమనే ఒక్క విషయంలో ఆ పాత రూపకం కొన్ని కొత్త రూపకాల కంటే మెరుగు.

ఇంత చరిత్ర ఉన్న భాషలోకి 2020 మార్చిలో 'సామాజిక దూరం' అనే మాట దిగింది. ఇంగ్లీషు మాటకి అచ్చు అనువాదం. చెప్పదలిచింది మనిషికీ మనిషికీ మధ్య కొన్ని అడుగుల ఎడం. తెలుగులో వినబడింది వేరు. ఊరికీ వాడకీ మధ్య ఉన్న దూరం పేరే సామాజిక దూరం. మన పెద్దలు వందల ఏళ్ళు పాటించాల్సి వచ్చింది దాన్నే. 'చూశారా, మన పూర్వీకుల మడి ఆచారాల్లో ఎంత సైన్సు ఉందో' అని అంటరానితనాన్ని పొగిడినవాళ్ళు కూడా ఆ రోజుల్లో బయల్దేరారు. దళిత రచయితలు, కార్యకర్తలు ఆ మాటను తప్పుబట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆ మార్చిలోనే 'భౌతిక దూరం' అనే మాటకి మారింది. సైన్సు ఏమీ తగ్గలేదు. ఇంకా స్పష్టమైంది.

యుద్ధం ఎవరి మీద?

ఆధునిక వైద్యంలో అన్నిటికంటే ఎక్కువగా వినబడేది యుద్ధ రూపకం. క్రిములు దండెత్తుతాయి. తెల్ల రక్తకణాలు సైనికులు. 1971లో అమెరికా క్యాన్సర్ మీద యుద్ధం ప్రకటించింది. మన పత్రికలు 'క్యాన్సర్‌తో పోరాడి ఓడిపోయారు' అని రాస్తాయి, పోయినవాళ్ళు సరిగ్గా పోరాడలేదన్నట్టు. 2020లో కరోనా మీద యుద్ధాన్ని మహాభారత యుద్ధంతో పోల్చి, అది 18 రోజులు, ఇది 21 రోజులు అని ప్రధానమంత్రే చెప్పారు.

ఈ రూపకం వల్ల కొంత మేలు జరిగింది. నిధులొస్తాయి, జనం కదులుతారు. కాని యుద్ధానికి శత్రువు కావాలి. క్రిమి కంటికి కనబడదు, రోగి కనబడతాడు. ఎయిడ్స్ మొదటి రోజుల్లో సెక్స్ వర్కర్లను, లారీ డ్రైవర్లను శత్రువుల్లా చూశాం. చట్టం మేలుకుని హెచ్ఐవి ఉన్నవాళ్ళ మీద వివక్ష చూపకూడదని చెప్పేసరికి 2017 వచ్చింది. యుద్ధానికి సైనికులూ కావాలి. కరోనా కాలంలో పారిశుధ్య కార్మికుల్ని యోధులన్నారు, పూలు చల్లారు. సైనికుడు త్యాగం చేయాలి గాని చేతి తొడుగులేవి, జీతమెప్పుడు పర్మనెంటు చేస్తారు అని అడగకూడదు. యోధుడన్న మాట ఆ ప్రశ్నను మింగేస్తుంది. సైన్సు వైపు నుంచి చూసినా ఇది సగం నిజమే. మన పేగుల్లో కోట్ల క్రిములు మనకి మేలు చేస్తూ బతుకుతున్నాయి. కొన్ని జబ్బుల్లో మన రక్షణ వ్యవస్థే మన ఒంటిని దెబ్బతీస్తుంది. వీటిని యుద్ధ రూపకంతో అర్థం చేసుకోవడం కష్టం.

యుద్ధానికి ఎదురుగా మన పక్కనే జరిగిన ఒక పరిశోధనను గుర్తు చేసుకోవాలి. ఒకప్పుడు టీబీ వస్తే మనిషిని ఊరికి దూరంగా శానటోరియంలో పెట్టేవాళ్ళు. 1956లో మద్రాసులో మొదలైన టీబీ చికిత్సా పరిశోధన కేంద్రం పేద బస్తీల రోగులను రెండు భాగాలు చేసింది. కొందరికి శానటోరియంలో మంచం, మంచి తిండి, విశ్రాంతి. కొందరికి వాళ్ళ ఇరుకు ఇళ్ళలోనే మందులు. 1959లో ఫలితాలు వచ్చాయి. మందులు సరిగ్గా వేసుకుంటే ఇంట్లో ఉన్నవాళ్ళకీ దాదాపు అంతే నయమైంది. ఇంటివాళ్ళకి జబ్బు సోకే ప్రమాదం కూడా పెరగలేదు. రోగిని వెలివేయనక్కర్లేదని లెక్కలతో సహా తేల్చిన పరిశోధన అది. ప్రపంచమంతా దాన్ని అనుసరించింది. మన ఇళ్ళలో మాత్రం గ్లాసు ఇంకా వేరే ఉంది.

టీబీ రంగంలోనే పోలీసు మాటలూ ఉన్నాయి. జబ్బుందేమోనని వచ్చినవాణ్ణి 'సస్పెక్ట్' అనేవాళ్ళు. మనం 'అనుమానితుడు' అన్నాం, దొంగతనం కేసులో అన్నట్టు. కరోనాకీ అదే వాడాం. మానేసినవాడు 'డిఫాల్టర్'. ఈ మాటలు తప్పంతా రోగి మీదికి నెడుతున్నాయని 2012లో ఒక అంతర్జాతీయ టీబీ పత్రికలో వైద్యులే రాశారు. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ రెండు మాటలనూ తన నిర్వచనాల్లోంచి తీసేసింది. 'డిఫాల్టర్' బదులు వచ్చిన మాటకి అర్థం, వైద్యం వెంబడి నిలుపుకోలేకపోయిన మనిషి అని. నిలుపుకోలేకపోయింది ఎవరు అనే ప్రశ్న ఇప్పుడు ఆస్పత్రి వైపు కూడా తిరుగుతుంది. కాయ కోతల కాలంలో మందు కేంద్రం ఏ టైముకి తెరవాలి అని అడగడానికి చోటు దొరికింది.

తుంగ గడ్డ

1978లో సూసన్ సొంటాగ్ తాను క్యాన్సర్‌తో బాధపడుతూ, జబ్బుకి తగిలించిన రూపకాలన్నిటినీ ఊడదీయాలని ఒక పుస్తకం రాశారు. ఆమె కోపం మాకు అర్థమవుతుంది. కాని పూర్తిగా ఒప్పుకోలేం. రూపకం లేకుండా వైద్యం మాట్లాడలేదు. 'అంటువ్యాధి' అన్న మాటలోనే రూపకం ఉంటే దాన్నుంచి పారిపోయేదెక్కడికి? పారిపోవడం కాదు, పరీక్షించి ఎంచుకోవాలి, మనవి మనం తయారుచేసుకోవాలి.

చిన్నాన్న కథ మిగిలింది. కొన్నాళ్ళకి మా వాడలోనే ఉండే ఆశా కార్యకర్త వచ్చింది. ఆమె కూడా ఒకప్పుడు తోటల్లో కలుపు తీసిన మనిషే. తిట్టలేదు, భయపెట్టలేదు.

'అన్నా, తుంగ పీకావుగా ఎన్నోసార్లు. పైన పీకేస్తే చచ్చిద్దా?' అంది.

'గడ్డ ఉంటే మళ్ళీ మొలిచిద్ది' అన్నాడు చిన్నాన్న.

'నీ రొమ్ములో ఉన్నదీ అంతే. దగ్గు తగ్గిందంటే పైన ఆకు పోయింది. గడ్డ పోవాలంటే చివరి మాత్ర దాకా మింగాల.'

చిన్నాన్న కాసేపు ఊరుకుని, 'అంటు కట్టినప్పుడూ అంతేలే. చిగురొచ్చిందని కట్టు ఇప్పేస్తే కొమ్మ ఊడి చేతికొచ్చిద్ది' అన్నాడు.

రెండోసారి కోర్సు మొదటిదాని కంటే పొడుగు, సూదులతో సహా. పూర్తి చేశాడు.

వాళ్ళిద్దరి మాటలనూ సైన్సుతో పోల్చి చూద్దాం. టీబీ క్రిముల్లో ఎక్కువ భాగం మొదటి వారాల్లోనే చస్తాయి. అందుకే రోగికి బాగుంటుంది. కొన్ని మాత్రం మందకొడిగా, నిద్రపోతున్నట్టు మిగులుతాయి. వాటి కోసమే నెలల తరబడి మందు. ఈ సంగతిని తుంగ గడ్డ చక్కగా పట్టుకుంది. బాగుండటం వేరు, నయమవడం వేరు అన్నది అంటు కట్టు పట్టుకుంది. రెండూ చెప్పలేనిది ఒకటుంది. మధ్యలో మానేస్తే మందుకి లొంగని క్రిములు మిగిలి పెరుగుతాయి. దానికి కూడా తోటలో జవాబుంది. ఒకే మందు పదేపదే కొడితే పురుగు మొండికెత్తుతుందని మందు కొట్టే ప్రతి కూలీకి తెలుసు. ఇది పోలిక కూడా కాదు, రెండు చోట్లా జరిగేది ఒకటే. చావనివి మిగిలి సంతానాన్ని పెంచుకుంటాయి.

మా రూపకాలకీ హద్దులున్నాయి. తుంగ గడ్డ క్రిమికి సరిపోతుంది. మనుషులను కలుపు మొక్కలన్న రోజున అదే పోలిక హత్యాయుధం అవుతుంది. అందుకే ఏ రూపకం ఎదురైనా నాలుగు ప్రశ్నలు వేయాలంటున్నాం. ఇది ఏం చూపిస్తోంది? ఏం దాస్తోంది? ఇందులో మురికి, శత్రువు, దోషి ఎవరవుతున్నారు? ఇది ఎవరి అనుభవంలోంచి పుట్టింది? ఉపాధ్యాయులు ఎనిమిదో తరగతి సైన్సు పాఠంతోనే ఈ ప్రశ్నలు మొదలుపెట్టొచ్చు. కార్యకర్తలు ఆరోగ్య శాఖ కరపత్రం ప్రతి ఒక్కటీ ఈ ప్రశ్నలతో చదవొచ్చు. వైద్య పదాలను తెలుగు చేసే కమిటీల్లో సంస్కృతం తెలిసినవాళ్ళతో పాటు ఆశా కార్యకర్తలు, తోట కూలీలు, ఆ జబ్బు పడి లేచినవాళ్ళు కూర్చోవాలని అడగాలి.

డాక్టర్ అంబేద్కర్ ఈ దారి ఎప్పుడో చూపించారు. 'కుల నిర్మూలన' రెండో కూర్పుకి 1937లో రాసిన ముందుమాటలో ఆయన జబ్బు రూపకాన్ని తిరగేశారు. రోగం అంటరానివాడిలో లేదు, కులాన్ని పాటించేవాళ్ళలో ఉంది, వాళ్ళ రోగం మిగతావాళ్ళ ఆరోగ్యానికి ప్రమాదమన్నారు. అప్పటిదాకా 'అంటు' మన మీద ఉండేది. ఆయన దాన్ని దాని అసలు చోటుకి పంపించారు.

చిన్నాన్న ఇప్పుడు బాగానే ఉన్నాడు, తోటలకి వెళుతున్నాడు. డిఫాల్టరన్న మాట 2013లో తీసేశారన్న కబురు ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఈ వ్యాసం రాస్తూ మేమే చెప్పాం. 'అయితే నా బాకీ కొట్టేశారన్నమాట' అన్నాడు. ఆ బాకీ ఎప్పుడూ ఆయనది కాదు.